గొట్టంలో నీళ్లు, కంప్యూటర్లో లెక్కలు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, “ఒరేయ్, నువ్వు కూడా మాట్లాడాలి. కానీ జీవితంలో పైకి రావడం ఎలా అని మాత్రం చెప్పకు, అది చెప్పేవాళ్లు ఇప్పటికే ముగ్గురున్నారు. నువ్వు రోజూ ఆఫీసులో చేసే పనేమిటో చెప్పు” అన్నాడు. ఆ ముగ్గురికీ నా ధన్యవాదాలు, నా పని తేలికైంది.

ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్నది ఇదీ: నీళ్లు, గాలి, నూనె ఒక యంత్రంలో ఎలా పారతాయో, ఆ యంత్రం తయారు కాకముందే కంప్యూటర్లో లెక్కకట్టడం. దాన్ని కంప్యూటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్ అంటారు, పొట్టిగా సీఎఫ్‌డీ. పంపులు, కారు రేడియేటర్లు, ఏసీలు, విమానం రెక్కలు అన్నిటికీ ఇప్పుడు ఈ లెక్క చేస్తారు. అందులో అన్నిటికంటే సులువైన లెక్క ఒక్కటే ఇవాళ చెబుతాను. నున్నటి గుండ్రటి గొట్టం, అందులో నెమ్మదిగా పారే నీళ్లు. అంతే. మా ఆఫీసుకి కొత్తగా వచ్చిన ఏ ఇంజినీరుకైనా నేను మొదట ఇచ్చేది ఇదే. చాలామంది ముఖం చిట్లిస్తారు.

నెమ్మదిగా పారడం అన్నాను కదా, దానికి శాస్త్రంలో గట్టి అర్థం ఉంది. ఇంట్లో కుళాయి కొంచెం తిప్పండి. నీటి ధార గాజు కడ్డీలా కదలకుండా నిలబడినట్టు ఉంటుంది. ఇంకొంచెం తిప్పితే గరుకుగా మారి చిందుతుంది. దేవుడి దగ్గర అగరువత్తి వెలిగించి చూడండి. పొగ కాస్త ఎత్తు వరకు దారంలా తిన్నగా లేస్తుంది, ఆపైన సుళ్లు తిరిగి చెదిరిపోతుంది. తిన్నగా, పొరలు పొరలుగా, ఒక పొర ఇంకో పొరలో కలవకుండా జారే దాన్ని లామినార్ ప్రవాహం అంటాం. ఇంటర్‌లో తెలుగు మీడియం వాళ్లం ధారారేఖా ప్రవాహం, సంక్షుబ్ధ ప్రవాహం అని బట్టీపట్టాం, గుర్తుందా? ఇక్కడ నేను చెప్పేది ఆ మొదటి రకం గురించే.

ఒకటి ఎప్పుడు రెండోదిగా మారుతుందో 1883లో మాంచెస్టర్‌లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే ప్రొఫెసర్ చూపించాడు. నీళ్ల తొట్టిలో గాజు గొట్టం పెట్టి, నీళ్లతో పాటు సన్నటి రంగు ధార వదిలాడు. వేగం తక్కువగా ఉన్నంతసేపూ రంగు దారంలా తిన్నగా పోయింది. వేగం పెంచగానే దారం తెగి రంగంతా నీళ్లలో కలిసిపోయింది. వేగాన్ని గొట్టం వ్యాసంతో, సాంద్రతతో గుణించి స్నిగ్ధతతో భాగిస్తే వచ్చే అంకెకి ఇప్పుడు ఆయన పేరే పెట్టుకున్నాం. గొట్టంలో ఆ అంకె సుమారు 2300 లోపల ఉంటే మామూలుగా ప్రవాహం లామినార్‌గా ఉంటుంది. ఊళ్లో కాలువ పైకి ఎంత ప్రశాంతంగా కనపడినా దాని అంకె లక్షల్లో ఉంటుంది, కాబట్టి అది లామినార్ కాదు సుమా.

ఇప్పుడు మన గొట్టం. వ్యాసం 10 మిల్లీమీటర్లు, పొడవు 1 మీటరు. నీళ్ల సగటు వేగం సెకనుకి 10 సెంటీమీటర్లు. 20 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత 0.001 ఎస్‌ఐ ప్రమాణాలు. రేనాల్డ్స్ అంకె సరిగ్గా 1000 వస్తుంది. అంటే నిశ్చింతగా లామినార్. ఈ నీళ్లని తోయడానికి ఎంత పీడనం కావాలి?

దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. 1839లో జర్మనీలో హాగెన్ అనే హైడ్రాలిక్ ఇంజినీరు, ఆ వెంటనే 1840లో పారిస్‌లో పోయిసెయ్ అనే వైద్యుడు, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా గొట్టాలతో కొలిచి తేల్చారు. పోయిసెయ్‌కి కావలసింది నీళ్లు కాదు, సన్న నాళాల్లో రక్తం ఎలా పారుతుందో తెలియాలి. అంతకు ముందు 1828లో డాక్టరు పట్టా కోసం రాసిన థీసిస్‌లోనే ఆయన రక్తపోటుని పాదరసం గొట్టంతో కొలిచాడు. ఇవాళ మనం బీపీ 120, 80 అని చెప్పుకునేది ఆ పాదరసం మిల్లీమీటర్లలోనే. ఆయన గాజు గొట్టాలు కొన్ని వెంట్రుక కంటే సన్నం. వాటితో విసుగు లేకుండా కొలిచి చూస్తే తేలిందేమంటే, పీడనం మారకుండా ఉంటే ప్రవాహం గొట్టం వ్యాసానికి నాలుగో ఘాతంలో మారుతుంది. వ్యాసం రెట్టింపు చేస్తే నీళ్లు రెట్టింపు కాదు, నాలుగు రెట్లూ కాదు, పదహారు రెట్లు పారతాయి.

ఈ హాల్లో డాక్టర్లు చాలామందే ఉన్నారు. యాక్సిడెంటు కేసు రాగానే చేతికి లావుపాటి, పొట్టి కాన్యులా ఎందుకు వేస్తారో వాళ్లనడగండి. అప్పుడు సెలైన్ వేగంగా ఎక్కాలి. అక్కడ పనిచేసేది ప్రధానంగా ఈ నాలుగో ఘాతమే.

మన గొట్టానికి ఆ సూత్రం ఇచ్చే జవాబు 32 పాస్కళ్లు. మూడు మిల్లీమీటర్ల ఎత్తు నీళ్లు వేసే ఒత్తిడి, అంతే. వేగం గోడ దగ్గర సున్నా. మధ్యలో సగటుకి సరిగ్గా రెట్టింపు, అంటే సెకనుకి 20 సెంటీమీటర్లు. ఈ రెండింటి మధ్య వేగం గ్రాఫు గీస్తే పరావలయం వస్తుంది. పెన్సిలూ కాగితమూ ఉంటే పది నిమిషాల పని.

మరి కంప్యూటర్ ఎందుకు? గొట్టం వంగితే, మధ్యలో సన్నబడితే, రెండుగా చీలితే ఈ సూత్రం సరిపోదు. ద్రవాలకి సంబంధించిన అసలు సమీకరణాలు 1822లో నవియే రాశాడు, 1845లో స్టోక్స్ స్థిరపరిచాడు. అవి ఎంత మొండివంటే, కాగితం మీద పూర్తిగా తేలేవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సందర్భాలే. మిగతావాటికి ఒకటే దారి. ప్రవహించే జాగాని చిన్న చిన్న గళ్లుగా కోసి, ప్రతి గడిలోకీ వచ్చినదెంత, పోయినదెంత అని కిరాణా కొట్టు చిట్టాలా లెక్క రాసుకోవాలి. గడులు వేలల్లో, లక్షల్లో ఉంటాయి కాబట్టి ఆ చిట్టా రాసే గుమాస్తా కంప్యూటర్.

కంప్యూటర్లు రాకముందే ఈ పని చేసిన మహానుభావుడొకడున్నాడు. లూయీ ఫ్రై రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషాయన యూరప్ మీద గళ్లు గీసి, 1910 మే 20 నాటి గాలి కొలతలు తీసుకుని, ఆరు గంటల్లో వాతావరణం ఎలా మారుతుందో చేత్తో లెక్కకట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో అంబులెన్సు దళంలో పనిచేస్తూ చేసిన లెక్క అది. పీడనం 145 మిల్లీబార్లు పెరుగుతుందని జవాబు వచ్చింది. అసలు ఆ రోజు పీడనం దాదాపు మారనే లేదు. ఆయన ఆ తప్పు జవాబుని దాచలేదు. 1922లో అచ్చైన తన పుస్తకంలో వాస్తవం పక్కనే పెట్టి చూపించాడు. నా వృత్తిలో నాకు అందరికంటే గౌరవం ఈయన మీదే.

మన దేశం వాళ్ల పేరూ ఒకటి చెప్పాలి. పుణే ఇంజినీరింగ్ కాలేజీలో చదివి లండన్ వెళ్లిన సుహాస్ పతంకర్, తన గురువు స్పాల్డింగ్‌తో కలిసి 1972లో ప్రకటించిన పద్ధతి ఇప్పటికీ సగం సాఫ్ట్‌వేర్లకి గుండెకాయ. దాని పేరు సింపుల్. పేరే సింపుల్, చేసేవాళ్లకి తెలుస్తుంది.

సరే, గొట్టానికి వద్దాం. ఓపెన్‌ఫోమ్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. లండన్ ఇంపీరియల్ కాలేజీలో పుట్టింది, 2004 నుంచి అందరికీ ఉచితం. దానిలో ఈ గొట్టం లెక్క ఎలా చేస్తామో చెబుతాను. గొట్టమంతా గీయక్కర్లేదు. అన్ని వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి కమలాపండులో ఒక తొన తీసుకున్నట్టు సన్నటి చెక్క తీసుకుంటే చాలు. మధ్య నుంచి గోడ దాకా 20 గళ్లు, పొడవునా 500 గళ్లు, మొత్తం 10,000. తరవాత హద్దులు చెప్పాలి: లోపలికి వచ్చే చోట వేగం ఇంత, బయటికి పోయే చోట పీడనం సున్నా, గోడ దగ్గర నీళ్లు కదలవు. మామూలు లాప్‌టాప్ కొద్ది నిమిషాల్లో తేల్చేస్తుంది. ఎర్రగా, పచ్చగా, నీలంగా చక్కటి బొమ్మ వస్తుంది.

ఆ బొమ్మ దగ్గరే అసలు గొడవ మొదలవుతుంది. కుర్రవాళ్లు మొదటిసారి చేసినప్పుడు పీడనం 32 రాదు. కొందరికి 0.038 వస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఇలాంటి లెక్కల్లో పీడనాన్ని సాంద్రతతో భాగించి చూపిస్తుంది, వెయ్యితో గుణించుకోవాలి. అది తెలిసినా వచ్చేది 38. మరి కొందరు గొట్టాన్ని మిల్లీమీటర్లలో గీస్తారు, సాఫ్ట్‌వేర్ దాన్ని మీటర్లనుకుంటుంది. అంటే మన 10 మిల్లీమీటర్ల గొట్టం 10 మీటర్ల వ్యాసం ఉన్న సొరంగమైపోతుంది. రేనాల్డ్స్ అంకె 10 లక్షలకి పోతుంది. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు. ఇంకొకరు అలవాటుగా సంక్షుబ్ధ ప్రవాహం బటన్ నొక్కుతారు. పరావలయం బదులు మధ్యలో బల్లపరుపుగా ఉన్న గ్రాఫు వస్తుంది, పీడనం పెరుగుతుంది. అప్పుడూ కిక్కురుమనదు. మూడు సందర్భాల్లోనూ బొమ్మ మాత్రం అంతే అందంగా ఉంటుంది.

ఇప్పుడు ఆ 38 సంగతి. ఆ మధ్య ఇంటర్వ్యూకి వచ్చిన ఒక అబ్బాయికి ఈ లెక్కే ఇచ్చి లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టాను. కాసేపటికి సరిగ్గా 32 చూపించాడు. ఫైళ్లు తెరిచి చూస్తే స్నిగ్ధత 0.001 బదులు 0.0008 అని ఉంది. “ఇదేమిటి నాయనా?” అంటే, “నీళ్ల ఉష్ణోగ్రత 30 డిగ్రీలు తీసుకున్నాను సార్” అన్నాడు. 30 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత నిజంగానే 0.0008. తెలివైన కుర్రాడే. కానీ స్నిగ్ధత మారిస్తే సూత్రం జవాబు కూడా మారుతుంది కదా, అది 25.6 అవుతుంది. అతను కంప్యూటర్ జవాబుని ఒక ప్రశ్నకీ, సూత్రం జవాబుని ఇంకో ప్రశ్నకీ రాబట్టి, రెండూ సమానమయ్యాయని మురిసిపోయాడు.

అదే వారం ఒక అమ్మాయి వచ్చింది. తనకీ 38 వచ్చింది. ఏమీ మార్చలేదు. వేగం గ్రాఫుని గొట్టం పొడవునా పది చోట్ల గీసి చూసింది. నీళ్లు లోపలికి వచ్చేటప్పుడు వేగం అంతటా ఒకటే. పరావలయం ఆకారం రావడానికి గొట్టంలో కొంత దూరం పడుతోంది. మన లెక్కలో ఆ దూరం సుమారు 60 సెంటీమీటర్లు! అంటే గొట్టంలో సగానికి పైగా ఇంకా సర్దుకుంటున్న ప్రవాహమే. సర్దుకోవడానికి అదనంగా ఖర్చయ్యేదే ఆ ఆరు పాస్కళ్లు. హాగెన్, పోయిసెయ్‌ల సూత్రం సర్దుకున్న తరవాతి సంగతి చెబుతుంది. అందుకని ఆ అమ్మాయి చివరి 30 సెంటీమీటర్లలో మాత్రమే పీడనం ఎంత తగ్గిందో చూసింది. సూత్రం ప్రకారం 9.6 రావాలి. 9.6కి బాగా దగ్గరగా వచ్చింది. తరవాత నేను అడగకుండానే గళ్లు రెట్టింపు చేసి, ఆ మిగిలిన చిన్న తేడా నాలుగో వంతుకి తగ్గుతోందా లేదా అని చూసింది. మేము వాడే పద్ధతి సవ్యంగా పనిచేస్తుంటే అలాగే తగ్గాలి. ఉద్యోగం ఎవరికిచ్చామో చెప్పక్కర్లేదు.

మా వాళ్లు తరచూ చెప్పే ఇంకో మాట “కన్వర్జ్ అయింది సార్”. అంటే గళ్ల చిట్టాలో జమాఖర్చులు సరిపోయాయని. జమాఖర్చులు సరిపోయినంత మాత్రాన చిట్టా నిజమని కాదు కదా. దొంగలెక్కలు రాసేవాడి పుస్తకంలో కూడా పైసాతో సహా సరిపోతుంది. ఇచ్చిన లెక్కని కంప్యూటర్ తప్పు లేకుండా చేసింది, సరే. మనం ఇచ్చిన లెక్క సరైనదేనా? దానికి జవాబు బయటినుంచి రావాలి: చేతి లెక్క నుంచో, ప్రయోగం నుంచో, పదిమందీ ఒప్పుకున్న పాత ఫలితం నుంచో. ఉదాహరణకి ఊర్మిళా ఘియా, కీర్తి ఘియా, షిన్ అనే ముగ్గురు 1982లో ఒక చతురస్రపు పెట్టెలో, పైమూత జరుగుతుంటే లోపల ద్రవం ఎలా తిరుగుతుందో లెక్కకట్టి అంకెల పట్టికలు ప్రకటించారు. నలభై ఏళ్లు దాటినా ప్రపంచంలో కొత్త సాఫ్ట్‌వేర్ రాసిన ప్రతివాడూ తన జవాబుని ఆ పట్టికలతో పోల్చుకుంటాడు.

పోల్చుకోకపోతే ఏమవుతుందో ఒక్క సంగతి చెబుతాను. ఇది ప్రవాహం లెక్క కాదు, కట్టడం లెక్క. కానీ గళ్లుగా కోయడం అక్కడా ఇక్కడా ఒకటే. నార్వేలో సముద్రంలో గ్యాస్ తీయడానికి స్లైప్నర్ ఏ అనే వేదిక కట్టారు. కింద కాంక్రీటు పునాది, బోలుగా ఉండే పెద్ద పెద్ద గదులు. 1991 ఆగస్టు 23న స్టావంగర్ దగ్గర, పైభాగం అమర్చే ముందు పరీక్ష కోసం ఆ పునాదిని నీళ్లలోకి దించుతుంటే, 65 మీటర్ల లోతు దగ్గర ఒక గోడ పగిలి మొత్తం మునిగిపోయింది. ప్రాణనష్టం లేదు, అదృష్టం. డబ్బు నష్టం దాదాపు 70 కోట్ల డాలర్లు. విచారణలో ఏం తేలింది? ఆ గోడలు కలిసే మూలల్లో కంప్యూటర్ లెక్కకి గళ్లు మరీ పెద్దవిగా, వంకరగా వేశారు. అక్కడ కోత బలాన్ని లెక్క 47 శాతం తక్కువ చూపించింది. దాన్ని నమ్మి గోడ సన్నగా కట్టారు. ప్రమాదం తరవాత జాగ్రత్తగా గళ్లు వేసి మళ్లీ చేస్తే, 62 మీటర్ల దగ్గర పగులుతుందని జవాబు వచ్చింది. చూశారా, అదే కంప్యూటర్, అదే గణితం.

ఇదంతా మన బడి సభలో ఎందుకు చెబుతున్నానంటే, సంఘం ఈ స్వర్ణోత్సవానికి బడికి ఇవ్వదలచిన వాటిలో కంప్యూటర్ గది ఒకటని విన్నాను. చాలా సంతోషం. కానీ మన సైన్సు లాబ్‌ని నిన్న సాయంత్రం చూసి వచ్చాను. గాజుసామాను బీరువాకి తాళం, తాళం మీద తుప్పు. నాకు నచ్చలేదు, దాచుకోకుండా చెబుతున్నాను. కంప్యూటర్ గదికి ఇచ్చే డబ్బులో నాలుగో వంతు ఆ బీరువాకి ఇవ్వాలని నా మనవి. కమిటీ వాళ్లు తిట్టుకోవచ్చు, పరవాలేదు.

ఎందుకంటే ఆ గొట్టం లెక్క కంప్యూటర్లో చేయడానికి ఖర్చు లేదు, ప్రయోగంగా చేయడానికీ దాదాపు లేదు. ఒక నీళ్ల సీసా, 1 మిల్లీమీటరు రంధ్రం ఉన్న 20 సెంటీమీటర్ల గాజు గొట్టం, కొలజాడీ, సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్. గొట్టాన్ని అడ్డంగా పెట్టి, నీటి మట్టం దానికి 20 సెంటీమీటర్ల పైన ఉంచాలి. నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటే నిమిషానికి సుమారు 18 మిల్లీలీటర్లు రావాలని సూత్రం చెబుతుంది. పిల్లలకి అంతకంటే కొంచెం తక్కువే వస్తుంది. ఎందుకు తక్కువ అన్నది వాళ్లే వెతకాలి, ఆ అమ్మాయి 38 సంగతి వెతికినట్టు. రంధ్రం కొలవడంలో అయిదు శాతం పొరపాటు పడితే ప్రవాహంలో ఇరవై శాతం తేడా వస్తుంది, నాలుగో ఘాతం మరి. పొద్దున్న చల్లటి నీళ్లతో ఒకసారి, మధ్యాహ్నం ఎండలో పెట్టిన నీళ్లతో ఒకసారి కొలిస్తే స్నిగ్ధత మారడం వాళ్ల కళ్లకే కనపడుతుంది. అది చేతిలో పట్టుకుని, అప్పుడు పక్కగదిలో కంప్యూటర్ ముందు కూర్చోవాలి.

ఫిజికల్ సైన్స్ టీచరు గారితో మధ్యాహ్నం భోజనాల దగ్గర మాట్లాడాను. తొమ్మిదో తరగతి పిల్లలతో మొదలుపెడదామన్నారు. దసరా సెలవులకి ముందు వారం నేను వస్తాను. గాజు గొట్టాలు, ట్రావెలింగ్ మైక్రోస్కోపు నేను తెస్తాను, సాఫ్ట్‌వేర్ నేనే ఎక్కిస్తాను. గ్రాఫు కాగితాలు, కొలజాడీలు బడి తరఫున తెప్పించి ఉంచితే చాలు. ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో దయచేసి ఈ సభ ముగిసేలోపు నాకు చెప్పండి.